పాచి పనికి ఒక మనిషి

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పొద్దున, ఇంకా ఎవరూ రాకముందే, తళతళ అనే ఆమె షెడ్డులోని మూడు కాలువల్లోనూ పరిచి ఉన్న రాతి పలకలన్నిటినీ పైకి తీసి, పీచూ సబ్బుపొడీ పెట్టి తోమి, శుభ్రంగా కడిగి, షెడ్డు మెట్ల మీద ఎండకి ఆరబెట్టింది. పెద్దవి వెనక, చిన్నవి ముందు, గ్రూపు ఫోటోకి నిలబెట్టినట్టు పేర్చింది. మూలల్లో మొండికేసినదాన్ని అగ్గిపుల్లతో గీకింది. తర్వాత చేతులు తుడుచుకుని, డబ్బా తెరిచి, తెచ్చుకున్నది తిన్నది. ఆ పలకల మీద చలికాలం మొదలైనప్పటినుంచీ పెరుగుతూ వచ్చినదానికి పరిశోధన అని పేరు. ఆ సంగతి ఆమెకి డబ్బా మూత పెట్టేవేళకి తెలిసింది.

తెలియజేసింది చిన్నమేడం. చిన్నమేడం అంటే ఊరి చివర వాగు ఒడ్డున ఉన్న పరిశోధన కేంద్రంలో డాక్టరేటు చేసే అమ్మాయి. సన్నగా ఉంటుంది, ఎప్పుడూ ఏదో మరిచిపోయి వచ్చినట్టు నడుస్తుంది. సైకిలు దిగి, స్టాండు వెయ్యబోతూ మెట్ల వైపు చూసింది. సైకిలు పక్కకి ఒరిగి పడిపోయింది. పడ్డదాన్ని లేపలేదు. వచ్చి పలకల పక్కనే మెట్టు మీద కూర్చుని, ఒకదాన్ని ఒళ్ళోకి తీసుకుని బొటనవేలితో రుద్దింది. పలక కీచుమంది.

“ఎవరు కడిగారివి?”

“నేనేనండీ,” అంది తళతళ, పొగడ్తకి సిద్ధమై. “మూలల్లో బాగా పట్టేసుకుంది. పుల్ల పెట్టి గీకాల్సొచ్చింది.”

“పుల్ల పెట్టి,” అంది చిన్నమేడం.

“ఆ. ఒక్క మచ్చ మిగల్లేదు చూసుకోండి.”

“అక్కా, అది నా థీసిస్.”

తళతళకి ఆ మాట కొత్త. ఏదో జాతి మరక అయ్యుంటుందనుకుంది. “థీసిసైనా ఇంకోటైనా ఈ పౌడరు ముందు ఆగదండీ,” అంది ధైర్యం చెబుతున్నట్టు.

చిన్నమేడం ఏడవలేదు, అరవలేదు. పలకని ఒళ్ళో పెట్టుకుని వాగు వైపు చూస్తూ ఉండిపోయింది. మనిషి ఊరికే కూర్చుని ఉండిపోతే ఎంత భయమేస్తుందో తళతళకి ఆ పూటే తెలిసింది. వాళ్ళింట్లో గొంతు ఆగిన పూట ఒక్కటీ లేదు మరి.

తళతళ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, చేతులు తెచ్చిపెట్టిన పేరు. చిన్నప్పుడు బడిలో ఇత్తడి గంటని కాస్త మెరిపించమని పంతులమ్మ పురమాయిస్తే, ఎంత బాగా మెరిపించిందంటే దాని మీద చెక్కి ఉన్న దాత పేరు అరిగిపోయింది. ఆ దాత ఒకరోజు చుట్టాలని వెంటబెట్టుకొచ్చి తన గంట చూపించబోయి, అక్షరం కనపడక, ఇది నా గంట కాదని అలిగి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ ఆమె తళతళ. పెళ్ళి శుభలేఖలో అసలు పేరు చూసి పెళ్ళికొడుకు వైపువాళ్ళు పిల్లని మార్చారేమోనని కంగారుపడ్డారంటారు. అది అబద్ధమే అయ్యుండాలి.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె నలుగురిళ్ళలో పాచి పని చేసింది. నిద్రమొహాలతో తలుపు తీసేవాళ్ళ వాకిళ్ళు ఊడ్చి, రాత్రి అంట్లు తోమి, గదులు తుడిచి పెట్టేది. ఇళ్ళల్లో పనికి అన్నీ దొరుకుతాయి, కూర్చోడానికి కుర్చీ ఒక్కటే దొరకదు. ఇక్కడ చేరమన్నప్పుడు ఆఫీసు సూపరింటెండెంటు ఆమెని రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళి, మూలనున్న ఒక కుర్చీ చూపించి “ఇది నీది” అన్నాడు. వీపు ఆనించుకునే కుర్చీ. దాని వెనక గోడకి సంచీ తగిలించుకోవడానికి కొక్కెం. కొక్కెం పైన కాగితం ముక్క మీద ఆమె పేరు. ఆ పొద్దున తళతళ ఆ కుర్చీలో కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుని చూసింది. ఇంత మర్యాద చేసినవాళ్ళకి తను కూడా ఏదైనా చెయ్యాలనిపించింది. అప్పుడు లేచి పీచు అందుకుంది.

విచారణ పెద్దమేడం గదిలో జరిగింది. ఆవిడ ఆ కేంద్రానికంతటికీ పెద్ద. చెవి కాస్త మందం. అందుకని ఎవరేం చెప్పినా రెండోసారి చెప్పించుకునేది. రెండోసారికి మనిషి నిజం దగ్గరికొస్తాడని ఆవిడ నమ్మకం.

“నువ్వు ఆఫీసుని ఏమడిగావు?” అంది చిన్నమేడంతో.

“పాచి పనికి ఒక మనిషి కావాలని అడిగాను.”

“పాచేంటి? దానికో పేరుంది కదా.”

“బయోఫిల్ము అని చెబితే సూపరింటెండెంటుగారు హీరో ఎవరని అడిగారు మేడం. అప్పట్నుంచీ ఆఫీసులో పాచి అనే అంటున్నాను.”

పెద్దమేడం సూపరింటెండెంటు వైపు తిరిగింది. ఆయన మనిషి మంచివాడే. ఇస్త్రీ చొక్కా, గుండీలన్నీ పెట్టుకుని, ప్రపంచంలో ప్రతిదీ తన బల్ల మీదుగా వెళితే బాగుపడుతుందని నమ్మే రకం.

“పాచి పనంటే పాచి పనే కదా మేడం, అందులో వేరే అర్థం ఏముంటుంది?” అన్నాడు చేతులు కట్టుకుని. “తోమే మనిషి కావాలన్నారు. తోమేవాళ్ళలో ఈవిణ్ని మించినవాళ్ళు లేరని అందరూ చెబితే తెచ్చి పెట్టాను.”

“రెండోసారి చెప్పు.”

ఆయన రెండోసారి కూడా పొల్లుపోకుండా అదే చెప్పాడు.

“మరి నువ్వమ్మా?”

“పాచి పని చేస్తావా అన్నారండీ,” అంది తళతళ. “ఊహ తెలిసినప్పట్నుంచీ చేస్తున్నది అదేగా అన్నాను.”

పెద్దమేడం ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ అద్దాలు తను తుడుద్దామని తళతళ చెయ్యి ముందుకి రాబోయి ఆగింది.

“విను,” అంది చివరికి. “వానలు మొదలయ్యేసరికి బయటినుంచి పరీక్షకులొస్తారు. అప్పటికి ఆ పలకల మీద పాచి పట్టి ఉండాలి. లేకపోతే ఈ అమ్మాయికి ఇక్కడ గడువు అయిపోతుంది, చదివిందంతా వదిలేసి ఇంటికెళ్ళాలి. పోగొట్టింది నువ్వు కాబట్టి పెరిగేదాకా కాపలా కూడా నువ్వే. పెరిగితే నీ కుర్చీ నీదే. మళ్ళీ తోమావో, మర్నాటినుంచి రానక్కర్లేదు.”

గదిలోంచి బయటికొచ్చి తళతళ చాలాసేపు గోడ పట్టుకుని నిలబడింది. తీసెయ్యనందుకు సంతోషించాలి కదా, ఆ సంతోషం రాలేదు. మురికిని పెంచి పోషించడానికి కూడా మనిషిని పెడతారన్నది ఇంకా లోపలికి దిగలేదు.

షెడ్డులో పని ఇదీ. వాగులోంచి ఒక పైపు నీళ్ళని పెద్ద తొట్టిలోకి తెస్తుంది. తొట్టిలోంచి అవే నీళ్ళు మూడు సిమెంటు కాలువల్లోకి పారతాయి. ఒకటి వెడల్పుగా, వాలు లేకుండా ఉంటుంది, నీరు నిద్రలో నడిచినట్టు పోతుంది. రెండోది ఇరుకు, ఏటవాలు, నీరు ఉరుకుతుంది. మూడోదాని అడుగున మిట్టలూ గుంటలూ కట్టారు, నీరు ఎక్కుతూ దిగుతూ, మిట్టల వెనక సుళ్ళు తిరుగుతూ పోతుంది. తళతళ చెయ్యాల్సిందల్లా తొట్టి మూతి దగ్గర జల్లెడకి ఆకులు అడ్డుపడకుండా తీస్తూ ఉండటం, కాలువల్లోకి నీళ్ళు వదిలే చెక్క తలుపులు గుర్తుపెట్టిన గీత దాటి లేవకుండా చూడటం. పలకల జోలికి మాత్రం పోకూడదు.

ఆ చివరిది ఆమెకి చేతకాని పని. ఆకులు తీస్తుంటే చెయ్యి తనంతట తాను పలక దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. దురద పుట్టిన చేతికి ఏదో ఒకటి కావాలి కాబట్టి షెడ్డులో మిగతావన్నీ తోమింది. కుళాయిలు, తలుపు గొళ్ళెం, చిన్నమేడం సైకిలు గంట, ఆఖరికి సూపరింటెండెంటు గది బయట ఇత్తడి నేమ్‌ప్లేటు. ఆయన పొంగిపోయి, రోజూ ఒకసారి తుడవమన్నాడు. అక్షరాలు కాస్త పలచబడ్డాయి గానీ ఇంకా చదవచ్చు.

కొన్నాళ్ళకి చిన్నమేడం ఆమెని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. అప్పటికి ఆ అమ్మాయి మామూలుగా మాట్లాడుతోంది. కోపం పెట్టుకోవడం ఆ పిల్లకి అలవాటు లేదు, మధ్యలో మరిచిపోయేది.

“పలక మీద ఏమీ కనపడట్లేదండీ,” అంది తళతళ. “తోమినట్టే ఉంది.”

“ఇందులోంచి చూడక్కా.”

చూసింది. చూసి చటుక్కున తల వెనక్కి లాక్కుని కన్ను తుడుచుకుంది.

“కదులుతున్నాయండీ.”

“కదులుతాయి. బతికున్నవే కదా.”

“నన్నే చూస్తున్నాయి.”

“వాటికి కళ్ళుండవక్కా.”

“మరి ఇటే వస్తున్నాయే.” మళ్ళీ వంగి చూసింది. గింజల్లాంటివి, పుల్లల్లాంటివి, పూసల దండల్లాంటివి, ఒకదానికొకటి అంటుకుని ఏదో జిగురు కట్టుకుని కూర్చున్నాయి. కొన్ని ఇంకా చోటు వెతుక్కుంటున్నాయి. అద్దెకి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళలా అటూ ఇటూ తిరుగుతున్నాయి. “పాచంటే ఇదా?”

“ఇదే.”

“అంటే నేను ఇన్నేళ్ళూ అంట్లు తోమే తొట్లల్లో, బాత్రూముల్లో...”

“ఊళ్ళకి ఊళ్ళు,” అంది చిన్నమేడం. అని, ఆమె మొహం పాలిపోవడం చూసి, “బాధపడకక్కా. నువ్వు అటు తిరగ్గానే మళ్ళీ పుట్టేస్తాయి,” అంది.

ఓదార్పుకే అన్నది గానీ తళతళకి అసలు దెబ్బ అక్కడే తగిలింది. ఊళ్ళు కూల్చినందుకు పడ్డ బాధ కాసేపట్లో పోయేదే. ఇన్నేళ్ళు తోమినదాంట్లో ఒక్కటీ తోమినట్టు కాదన్న మాట ఎక్కడికి పోతుంది. వెనక్కి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. చిన్నమేడం వెనకాలే వచ్చి, ఇంకా ఏదో మంచిమాట చెబుదామనుకుని, “పొద్దున్నే మన పళ్ళ మీద ఉండేదీ ఇదే సంసారం,” అంది. తళతళ నోరు మూసుకుంది. సాయంత్రం దాకా తెరవలేదు.

ఇంటికెళితే అక్కడ అత్తగారు. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పిన మనిషి. మైకు పోయింది గానీ గొంతు మిగిలింది. ఇంట్లో ఎవరు ఏ గదిలోకి వెళుతున్నారో, ఎంత ఆలస్యంగా వెళుతున్నారో వీధి చివరిదాకా తెలిసేది. భర్త తాళాలు బాగుచేస్తాడు, ఇంట్లో మాట్లాడే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

“రోజంతా అక్కడ ఏం చేస్తున్నావు?” అంది అత్తగారు.

“పాచిని చూసుకుంటున్నానత్తయ్యా.”

“చూసుకోవడమేంటి? పాచిని తోముతారు.”

“అక్కడ తోమకూడదు.”

“తోమకపోతే మరి జీతమెందుకిస్తున్నట్టు?”

తళతళ ఆలోచించింది. “తోమనందుకు.”

అత్తగారు నోరు తెరిచి, ఏ బస్సు గురించి చెప్పాలో తోచనట్టు, అలాగే మూసేసింది. భర్త తాళం లోంచి తలెత్తి భార్య వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆ నిశ్శబ్దం ఒక సంఘటన.

షెడ్డులో మాత్రం సంఘటనలు నెమ్మదిగా జరుగుతున్నాయి. పలకల మీద ముందు జారుడు వచ్చింది, తర్వాత రంగు వచ్చింది. ఆ తర్వాత తళతళ నమ్మలేనిది మొదలైంది. మూడు కాలువల్లో మూడు రకాలుగా పెరుగుతోంది. మెల్లగా పారే కాలువలో మెత్తగా, దూదిలా, బొద్దుగా ఉబ్బుతోంది. ఉరికే కాలువలో పలచగా, తోలులా బిగిసి, పైన సన్నటి పోగులు నీటివాలుకి జుట్టు విరబోసుకున్నట్టు ఊగుతున్నాయి. మూడోదాంట్లో మిట్టకి నీళ్ళు తగిలే వైపు ఒక రంగు, వెనక గుంటలో ఇంకో రంగు.

ఎవరో వచ్చి ఏదో కలిపారని ఆమె అనుమానం. తనని ఇరికించడానికే అయ్యుంటుందని నేరుగా చిన్నమేడం దగ్గరికెళ్ళింది.

“నేను ముట్టుకోలేదండీ. ఒట్టు. ఒకే తొట్టి నీళ్ళు, ఒకే రోజు వదిలాం. వీటికేమొచ్చింది?”

చిన్నమేడం మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి ఒక మనిషి తనంతట తాను ఆ ప్రశ్న అడిగింది. “అదేనక్కా నేను చదువుతున్నది. నీళ్ళు ఒకటే. ఆ నీళ్ళలో కొట్టుకొచ్చేవాళ్ళూ అందరూ ఒకటే. కానీ ఎవరు దిగుతారు, దిగినవాళ్ళలో ఎవరు నిలబడతారు అన్నది చాలావరకు పారే తీరుని బట్టి ఉంటుంది. ఉరికేచోట గట్టిగా పట్టుకున్నవాళ్ళే మిగులుతారు, మిగతావాళ్ళని నీళ్ళు లాక్కుపోతాయి. మెల్లగా పోయేచోట ఎవరైనా సర్దుకుని కూర్చోవచ్చు. ఆ మిట్టల కాలువలో అడుగడుక్కీ వేగం మారుతుంది కదా, ముందు ఒక రకం, వెనక ఒక రకం. అందుకే అక్కడ రకరకాలవాళ్ళు ఉంటారు.”

“వాళ్ళు మొదట్నుంచీ అలాంటివాళ్ళేనా, నీళ్ళు అలా చేశాయా?”

“రెండూనేమో,” అంది చిన్నమేడం. “అది సరిగ్గా తెలిస్తే నేను డాక్టరేటు పుచ్చుకుని ఇంటికెళ్ళిపోతాను.”

తళతళ తన కుర్చీలోకొచ్చి కూర్చుంది. ఆమెకి ఒక అక్క ఉంది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు, ఒక కంచంలో తిని పెరిగారు, ఒకళ్ళ బట్టలు ఒకళ్ళు వేసుకున్నారు. అక్కని ఇచ్చిన ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడరు, కూర్చున్న చోటికే అన్నీ వస్తాయి. అక్క మెత్తగా, బొద్దుగా, చిన్నమాటకి కళ్ళనీళ్ళు పెట్టుకునేలా తయారైంది. తనని ఇచ్చింది బస్టాండులాంటి ఇంట్లో. కొత్తల్లో రోజూ పుట్టింటికి పోదామనుకునేది. పోలేదు. ఏం పట్టుకుని ఉండిపోయిందో తనకే తెలియదు. ఆమె ఆ పూట ఉరికే కాలువ వైపు చాలాసేపు చూసింది. ఆ రోజునుంచి మెల్ల కాలువని ‘అక్కగారు’ అనీ, ఉరికేదాన్ని ‘మా ఇల్లు’ అనీ పిలవడం మొదలుపెట్టింది. మిట్టల కాలువకి ఎంత ఆలోచించినా పేరు తోచలేదు. ఆఫీసు అని పెట్టింది.

వానలు దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం ఇంకో ఘోరం జరిగింది. ఆమె జల్లెడ దగ్గర ఆకులు తీసి వెనక్కి తిరిగేసరికి, అక్కగారి కాలువలో ఒక పెద్ద పలక మీద దూదిలా పట్టిన పాచి ఒక అంచున లేచింది. చూస్తుండగానే దుప్పటి తొలగించినట్టు మొత్తంగా లేచి, నీటిలో మెల్లగా బయల్దేరింది. తళతళ పరుగెత్తింది. ఎవరూ చూడటంలేదని చూసుకుని, రెండు చేతులూ ముంచి దాన్ని పట్టుకుంది. పట్టుకున్నదాన్ని తెచ్చి మళ్ళీ పలక మీద పెట్టి, ఊడిన పోస్టరు గోడకి అంటించినట్టు అరచేత్తో అద్దింది. అది వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. ఈసారి చేతుల్లోనే విడిపోయింది.

చిన్నమేడం వచ్చేటప్పటికి తళతళ మోచేతుల దాకా ఆకుపచ్చగా, కాలువ గట్టున మోకాళ్ళ మీద ఉంది.

“తోమలేదండీ,” అంది. ఏడుపు ఆగట్లేదు. “దేవుడి మీద ఒట్టు. దానంతట అదే లేచి వెళ్ళిపోతోంది. ఆపుదామనుకున్నాను. వినలేదు.”

“ఎవరు?”

“అక్కగారు.”

చిన్నమేడానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత ఆమె పక్కనే చతికిలబడి నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు. “అది అలాగే ఊడుతుందక్కా. మెత్తగా ఉన్నచోట పెరుగుతూ పెరుగుతూ మందమైపోతుంది కదా, అడుగునున్నవాళ్ళకి ఏమీ అందదు. కింద పట్టు తప్పిపోతుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఒకరోజు వెళ్ళిపోతుంది. ఆ చోట మళ్ళీ కొత్తవాళ్ళు దిగుతారు. అది కూడా లెక్కలోకే వస్తుంది.”

తళతళ చేతులు కడుక్కుంది. మొదటిసారిగా, కడుక్కోవడానికి మనసొప్పలేదు. సాయంత్రం బయటికి రాగానే అక్కకి ఫోను చేసింది.

“ఎలా ఉన్నావే?”

“బాగానే ఉన్నా. ఏమైంది? ఎవరికేమైంది?” అంది అక్క. గొంతులో అప్పుడే తడి.

“ఎవరికేం కాలేదు. ఊరికే చేశాను.”

“నువ్వు ఊరికే ఎప్పుడు చేశావే? నీ అత్త కొట్టిందా?”

“ఛ. అన్నం తింటున్నావా, నీకు అన్నీ అందుతున్నాయా?”

“ఈ ఇంట్లో నాకు అందనిదేముంది,” అంది అక్క. ముక్కు తుడుచుకుని, “మాట్లాడేవాళ్ళు తప్ప,” అంది. చెల్లెలు ఆ రోజు రెండు బస్సులు వదిలేసి ఫోను మాట్లాడింది.

పరీక్షకులు వచ్చే రోజు వాన పడలేదు, పడేలా ఉంది. పెద్దమేడమూ చిన్నమేడమూ వాళ్ళని తీసుకురావడానికి స్టేషనుకి వెళ్ళారు. మూడు కాలువలూ నిండుగా ఉన్నాయి. అక్కగారు మళ్ళీ ఒళ్ళు చేసింది, మా ఇల్లు బిగుసుకుని పోగులు ఊపుతోంది, ఆఫీసులో ఎవరి మూల వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. తళతళ షెడ్డులో తోమదగినవన్నీ తోమేసి, పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూసే తల్లిలా నిలబడింది.

వచ్చింది సూపరింటెండెంటు. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో పొడుగుపిడి బ్రష్షు. బకెట్టులోంచి బ్లీచింగు వాసన ఘాటుగా వస్తోంది. కుర్చీ చూపించిన రోజు తర్వాత ఆయన షెడ్డులోకి అడుగుపెట్టడం ఇదే, ఆ రోజు కాలువల వైపు చూడనే లేదు. లోపలికి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏంటిది?”

“థీసిసండీ,” అంది తళతళ.

“ఇదా? మొత్తం ఇదేనా?” ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన నిజంగానే బెదిరిపోయాడు. “వచ్చేది ఎవరనుకున్నావు? పైనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారమ్మా. ఈ కేంద్రం ఉండాలా ఊడాలా అని రాసేది వాళ్ళు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఈ పాచి చూశారంటే ఏమనుకుంటారు? ఇక్కడ కడిగే దిక్కు కూడా లేదనుకుంటారు. ఇదిగో, కానీ.”

“తోమకూడదండీ. పెద్దమేడం...”

“పెద్దమేడానికి నేను చెప్పుకుంటాను. మచ్చుకి ఒక పలక ఉంచు, చదువుకునేవాళ్ళకి ఒకటి చాలు. మిగతావి కడిగెయ్. నీ చేతికి ఎంతసేపు పని? నా నేమ్‌ప్లేటు చూడు, ఎలా చేశావు.” గొంతు తగ్గించాడు. “ఈ ఉద్యోగంలోకి వచ్చింది నా మాట మీద. పోయేదీ నా మాట మీదే. తెలుసుగా.”

బ్రష్షు ఆమె చేతికిచ్చాడు.

నిజం చెప్పాలంటే, ఆ మాట కోసం తళతళ చెయ్యి ఇన్ని నెలలుగా కాచుకుని ఉంది. ఎవరైనా ఒక్కసారి ‘తోము’ అంటే చాలని ఎన్ని మధ్యాహ్నాలు అనుకుందో. కొత్త బ్రష్షు, గట్టి పోచలు, పిడి చేతికి సరిగ్గా అమరింది. కాలువలో అన్ని పలకలూ అలాగే, అంత పాచితో, ఎదురుగా. తోమితే ఈయన ఉంచుతాడు, ఆవిడ తీసేస్తుంది. తోమకపోతే ఆవిడ ఉంచుతుంది, ఈయన తీసేస్తాడు. ఎటు చూసినా కుర్చీ ఒక కాలు మీదే నిలబడి ఉంది.

కాలువ దాకా వెళ్ళింది. వంగింది. సూపరింటెండెంటు తృప్తిగా గాలి పీల్చుకున్నాడు. ఉరికే నీళ్ళలో ఆ సన్నటి పోగులు అటూ ఇటూ కొట్టుకుంటూ, పోతున్నట్టే ఉండి, ఎక్కడికీ పోవట్లేదు.

తళతళ లేచి నిలబడింది. వెనక్కి నడిచి, బ్రష్షుని తీసుకెళ్ళి తన పేరున్న కొక్కేనికి తగిలించింది. బకెట్టుని కాలితో మెల్లగా గుమ్మం బయటికి జరిపింది. తర్వాత వచ్చి తన కుర్చీలో, వీపు పూర్తిగా ఆనించి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. చేరిన దగ్గర్నుంచీ అంత బాగా కూర్చోవడం ఆమెకి అదే మొదలు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో సూపరింటెండెంటు ఎదుట ఎవరూ ఇలా కూర్చోలేదు. ఆయన బకెట్టు మళ్ళీ లోపలికి తెచ్చేలోగా బయట కారు తలుపులు పడ్డ చప్పుడైంది. కంకర మీద అడుగులు. పెద్దమేడం, ఆవిడ వెనక బూట్లు తడవకుండా నడుస్తున్న ఇద్దరు కొత్త మనుషులు, అందరికన్నా వెనక సున్నం కొట్టినంత తెల్లగా పాలిపోయి చిన్నమేడం, గుమ్మంలోకి వచ్చారు. చిన్నమేడం కళ్ళు ముందు బ్లీచింగు బకెట్టు మీద పడ్డాయి. తర్వాత కొక్కేనికున్న బ్రష్షు మీద. కాలువల వైపు చూసే ధైర్యం ఆ పిల్లకి చాలలేదు.

సూపరింటెండెంటు రుమాలు జేబులో పెట్టుకుని ముందుకొచ్చాడు.

“మీరే చూడండి మేడం, పెద్దవాళ్ళందరి ముందూ చెబుతున్నాను,” అన్నాడు. “శుభ్రం చేస్తుందని ఏరికోరి తెచ్చి పెట్టుకున్న మనిషి. ఎటు చూసినా పాచి. తోమవమ్మా అంటే బ్రష్షు గోడకి తగిలించి కుర్చీలో కూర్చుంటుంది. ఇదేనా ఈవిడ చేసే పని?”

పెద్దమేడం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “రెండోసారి చెప్పు,” అంది.

ఆయన రెండోసారి చెప్పాడు. ఆఖరి మాట ఇంకాస్త గట్టిగా చెప్పాడు. అందరూ తళతళ వైపు తిరిగారు. ఆమె కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని, ఆయన ఆనాడు నిలబడ్డట్టే నిలబడింది.

“పాచి పనంటే పాచి పనే కదా సార్, అందులో వేరే అర్థం ఏముంటుంది?”